గుప్పెడు బియ్యం, వారం వారం తలుపు తట్టే మనిషి

ఈ వారం వీడియోలో గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన మూడు రకాల దానాల గురించి మాట్లాడుకున్నాం కదా. చివర్లో "మిజోరం సంగతి ఒకటుంది, అది రాసి పెడతాను" అని వదిలేశాను. పన్నెండు నిమిషాల వీడియోలో పట్టే విషయం కాదది. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నాను, ఇది చర్చి గురించిన పాఠం. మన ఛానెల్లో ఇదేంటి అని కొందరికి అనిపించొచ్చు. దత్తాత్రేయుడు తేనెటీగ దగ్గరా, కొండచిలువ దగ్గరా కూడా పాఠం నేర్చుకున్నాడని భాగవతం చెబుతుంది. ఇరవై నాలుగు మంది గురువులు ఆయనకి. మనకి ఒక మిజో ఆంటీ దగ్గర నేర్చుకోవడానికి అడ్డేముంది?

మా టీమ్‌లో ఒక మిజో అమ్మాయి పని చేస్తుంది. పోయిన ఏడాది వాళ్లమ్మగారు హైదరాబాద్ వచ్చినప్పుడు మమ్మల్ని నలుగురిని భోజనానికి పిలిచింది. నేను శాకాహారినని నాకోసం ఆకుకూరలూ బీన్సూ ఉడకబెట్టి చేసే 'బాయ్' అనే కూర విడిగా వండారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతుంటే ఆంటీ కుక్కర్ గిన్నెలోకి బియ్యం కొలిచారు. కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి, పక్కనున్న చిన్న డబ్బాలో వేశారు. మాట కూడా ఆపలేదు. మనం దీపం పెట్టి అలవాటుగా దణ్ణం పెట్టుకుంటామే, అలా జరిగిపోయింది.

అదేంటని అడిగాను. ఫ్రెండ్ నవ్వి, "అది దేవుడిది. మా అమ్మ ఎక్కడున్నా వేస్తుంది. ఆదివారం మా వాళ్లు కలిసే చోటికి తీసుకెళ్తాం. కుదరకపోతే ఖరీదు లెక్కగట్టి ఊరికి పంపిస్తాం" అంది.

ఆ పద్ధతి పేరు 'బుహ్‌ఫాయ్ థామ్'. మిజో భాషలో బుహ్‌ఫాయ్ అంటే బియ్యం, థామ్ అంటే గుప్పెడు. మిజోరం చర్చిల్లో ఇది 1910లో మొదలైంది. ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన పెడతారు. చర్చి మహిళా సంఘం వాళ్లు వారం వారం ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. వచ్చినదాన్ని చర్చిలోనే అమ్ముతారు, చాలావరకు కొనేది కూడా ఆ సభ్యులే. ఆ డబ్బుతో చర్చి పనులు నడుస్తాయి. నూరేళ్లు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది.

ఇందులో నాకు బాగా నచ్చినది ఏంటంటే, ఇది ఆడవాళ్లు నడిపించిన వ్యవస్థ. 1910లో ఆ కొండల్లో ఒక మామూలు ఇల్లాలి చేతిలో డబ్బెక్కడిది? కానీ బియ్యం కొలిచే చెయ్యి మాత్రం ఆమెదే. తన అధికారం ఎక్కడుందో అక్కడి నుంచే ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మన దగ్గర కూడా భిక్షకి వచ్చినవాళ్లకి వేసే బియ్యం మీద ఎప్పుడూ ఇల్లాలిదే హక్కు కదా.

ఇంకో సంగతి కూడా చూడండి. మిజోరంలో దాదాపు యాభై ఏళ్లకోసారి వెదురు అంతా ఒకేసారి పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, తర్వాత పొలాల మీదా గాదెల మీదా పడతాయి. దాన్ని 'మౌతామ్' అంటారు. అలాంటి కరువు 1911-12లో వచ్చింది. అంటే గుప్పెడు తీసి పెట్టడం మొదలైన ఏడాది రెండేళ్లలోనే గాదెలు ఖాళీ అయిన పరిస్థితి. మళ్లీ 1959లో వచ్చింది, 2007లోనూ వెదురు పూసింది. ఇన్ని దెబ్బల తర్వాత కూడా ఆ చిన్న డబ్బా వంటింట్లోంచి పోలేదు. ఈ రోజు మనకి తినడానికి ఉందంటే ఇవ్వడానికి కూడా ఉన్నట్టే, వాళ్ల ఆలోచన అంతే. మనమేమో అప్రైజల్ వచ్చాక చూద్దాం అనుకుంటాం.

(సరదాకి ఇంకో మాట. మిజోరం హైవే పక్కన మనుషులు లేని కొట్లుంటాయి. కూరగాయలు పెట్టి, ధర రాసి, ఒక డబ్బా పెట్టి పొలానికి వెళ్లిపోతారు. మనం తీసుకుని డబ్బులు అందులో వేయాలి. వాళ్ల డబ్బాల వెనక చాలా కథే ఉంది.)

అది నాది కాదు, నా దగ్గర ఉంది

క్రైస్తవులు ఈ ఇచ్చే పద్ధతిని ఎలా అర్థం చేసుకుంటారో తెలియకపోతే ఆ గుప్పెడు మనకి కేవలం చందాలా కనిపిస్తుంది. తెలుగు బైబిల్లో దీనికి ఒక పదం ఉంది, గృహనిర్వాహకుడు. ఇంటి యజమాని ఊళ్లో లేనప్పుడు ఇల్లూ పొలమూ డబ్బూ చూసుకునే మనిషి. తాళాలన్నీ అతని దగ్గరే ఉంటాయి, కానీ ఒక్క గది కూడా అతనిది కాదు. యజమాని వచ్చాక లెక్క చెప్పాలి. డబ్బూ, సమయమూ, తెలివీ అన్నీ అలాంటివే అని వాళ్ల బోధ. కాబట్టి ప్రశ్న 'నాదాంట్లోంచి ఎంత ఇవ్వాలి' అన్నది కాదు, 'నాది కానిదాంట్లోంచి నేనెంత ఉంచుకుంటున్నాను' అన్నది.

మనకి ఇది కొత్తగా ఉందా? ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం అర్థం ఒకసారి గుర్తు చేసుకోండి, ఇదంతా ఈశ్వరుడిది అనే దగ్గరే అది మొదలవుతుంది. ఇక మన మాట చూడండి, గుడి ట్రస్టీని తెలుగులో ఏమంటాం? ధర్మకర్త. ఆస్తి దేవుడిది, చూసుకునేది మనిషి. గాంధీగారు తన ఆత్మకథలో ఈ విషయమే రాశారు. గీతలోని 'అపరిగ్రహం' అనే మాట ఆయన్ని పట్టుకుంది. దాన్ని బతుకులో ఎలా పెట్టాలో తోచక తికమకపడుతుంటే, లండన్‌లో లా చదివేటప్పుడు చూసిన స్నెల్ పుస్తకంలోని ట్రస్టీ సూత్రం సాయపడిందట. ట్రస్టీ చేతిలో కోట్లున్నా ఒక్క పైసా తనది అనుకోడు, అదే అపరిగ్రహం అని ఆయనకి అర్థమైంది. గీతకి అర్థం లా పుస్తకంలో దొరికింది. మనకి మిజో వంటింట్లో దొరికితే తప్పేంటి?

ఇప్పుడు అసలు పద్ధతి. ఏసు శిష్యుల తరంలో పౌలు అనే ఆయన క్రీస్తుశకం 50లలో యెరూషలేములోని పేదల కోసం నిధి పోగు చేశాడు. గ్రీసులోని కొరింథు అనే పట్టణంలో ఉన్న సంఘానికి ఆయన రాసిన రెండు ఉత్తరాల్లో ఆ వివరాలున్నాయి. కొరింథు డబ్బున్న ఓడరేవు, మన గచ్చిబౌలి లాంటిదనుకోండి. వాళ్లు ఏడాది ముందే ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే పని పూర్తి కాలేదు! మరోవైపు మాసిదోనియ అనే ప్రాంతంలోని సంఘాలు తామే పేదరికంలో ఉండి కూడా, మమ్మల్ని కూడా చేర్చుకోండి అని బతిమాలి మరీ ఇచ్చాయి. పౌలు ఆ సంగతి కొరింథు వాళ్లకి చెప్పి మెల్లగా సిగ్గుపడేలా చేస్తాడు. చదువుతుంటే నాకు మా వాట్సాప్ గ్రూపే గుర్తొచ్చింది. "నేను 10,000" అని రాసి చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాళ్లు వేరు, ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్లు వేరు.

ఆయన చెప్పిన ఏర్పాటు మాత్రం చాలా ప్రాక్టికల్‌గా ఉంటుంది. ప్రతి వారం మొదటి రోజున ప్రతి ఒక్కరూ తమ సంపాదనకి తగ్గట్టు కొంత తీసి పక్కన పెట్టుకోవాలి, నేను వచ్చాక హడావిడిగా వసూళ్లు పెట్టకూడదు అన్నాడు. ఆ డబ్బు తీసుకెళ్లడానికి సంఘాలే ఎంచుకున్న నమ్మకస్తుల్ని కూడా వెంట ఉంచాడు, ఇంత మొత్తం విషయంలో ఎవరూ తనని వేలెత్తి చూపకూడదని. దేవుడి ముందు నిజాయితీగా ఉంటే చాలనుకోలేదు, మనుషుల ముందు కూడా కనబడాలి అన్నాడు. రెండు వేల ఏళ్ల కిందటి ఆడిట్ అన్నమాట.

బీద విధవరాలు రెండు చిన్న నాణేలు వేసిన కథ మీలో చాలామంది వినే ఉంటారు. మన కుచేలుడి అటుకుల మూటకి అక్కలాంటి కథ అది. దాని గురించి ఎక్కువ రాయను.

తెలుగు నేల మీద కూడా ఈ చరిత్ర ఉంది. డోర్నకల్ జంక్షన్ మీదుగా రైల్లో వెళ్లే ఉంటారు. 1912లో డోర్నకల్‌కి బిషప్‌గా వచ్చిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. ఆయన సంఘాల్లో ఎక్కువమంది దళిత కూలీలు, సెంటు భూమి లేనివాళ్లు. అలాంటి చోట ఉంటూ ఆయన, మన చర్చి విదేశీ డబ్బు మీద కాదు, మన మనుషులు ఇచ్చేదాని మీద నిలబడాలి అని పట్టుబట్టాడు, క్రైస్తవ దానం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇప్పటికీ మన పల్లెల్లో చర్చిల దగ్గర కోతల పండుగ చూస్తే, గుమ్మడికాయా కోడీ వడ్లూ తెచ్చి వేలం వేస్తుంటారు. మన వినాయకుడి లడ్డూ వేలం గుర్తొస్తుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ బియ్యం డబ్బులో కొంత మతప్రచారకుల ఖర్చుకీ వెళ్తుంది. దాంతో మనం ఏకీభవించక్కర్లేదు, నేను ఏకీభవించను కూడా. అలాగే "మీరు వెయ్యి ఇస్తే దేవుడు లక్ష ఇస్తాడు" అని టీవీలో అరిచే బోధకులున్నారు. గీత కొలతతో చూస్తే అది ఫలం ఆశించి చేసే రాజస దానం. అయితే మన వైపు కూడా "ఈ సేవకి ఇంత కట్టండి, ప్రమోషన్ గ్యారంటీ" అనే వీడియోలు తక్కువేం కాదు. వేలు చూపించే ముందు మన అద్దం తుడుచుకుందాం.

డబ్బా మనకీ ఉండేది

నిజానికి ఈ గుప్పెడు మనకి కొత్త కాదు. కంచి మహాస్వామి చంద్రశేఖరేంద్ర సరస్వతి గారు 'పిడి అరిసి' అని ఒక పథకం చెప్పారు. తమిళంలో పిడికెడు బియ్యం అని అర్థం. ఇంటి ఇల్లాలు రోజూ వంటకి ముందు పిడికెడు బియ్యం, దాంతోపాటు ఒక చిన్న నాణెం పక్కన పెట్టాలి. పేటలో వాళ్లు వాటిని పోగు చేసి, అక్కడి గుడిలోనే వండి, స్వామికి నివేదించి పేదలకి పెట్టాలి. నాణెం దేనికంటే కట్టెలకీ పప్పుకీ ఖర్చుండదా మరి! బియ్యం ఒక్కటే ఉంటే అన్నం అవ్వదని ఆలోచించిన ఆ వివరం నాకు భలే నచ్చింది. వినోబా భావే 'సర్వోదయ పాత్ర' కూడా ఇలాంటిదే. ఇంట్లో చిన్నపిల్లాడి చేత్తో రోజూ పిడికెడు గింజలు వేయించాలి అన్నారాయన. 1951లో మన పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన వినోబాయే.

మరి సర్వోదయ పాత్ర ఇప్పుడు మీ ఇంట్లో ఉందా? మా ఇంట్లో లేదు. మా అమ్మని అడిగితే, "మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒక కుండ ఉండేదిరా, ఎవరో వచ్చి తీసుకెళ్లేవాళ్లు. తర్వాత రావడం మానేశారు. కొన్నాళ్లు బియ్యం పోసి పోసి, పురుగు పడుతోందని మేమూ మానేశాం" అంది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. పద్ధతి అదే, పుణ్యం అదే, ఆ అమ్మమ్మ భక్తీ తక్కువది కాదు. అక్కడ ఆగిపోయింది, మిజోరంలో ఆగలేదు. తేడా నాకు ఒక్కచోటే కనిపిస్తోంది. మిజోరంలో డబ్బా కోసం ప్రతి వారం ఒక మనిషి వస్తుంది. ఆమె పక్క వీధిలోనే ఉంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది, డబ్బా ఖాళీగా ఉంటే "ఒంట్లో బాలేదా?" అని అడుగుతుంది. పోగైన బియ్యం ఎంతో, అమ్మితే ఎంత వచ్చిందో వాళ్ల చర్చిలో అందరి ముందు చదువుతారని మా ఫ్రెండ్ చెప్పింది. దానం మన మనసులో పుట్టే ఉదారత మాత్రమే అనుకుంటాం. కానీ తీసుకోవడానికి వచ్చే మనిషీ, లెక్క చదివే చోటూ లేకపోతే ఆ ఉదారతకి పురుగు పడుతుంది.

ఇప్పుడు మా సంగతి. మా గేటెడ్ కమ్యూనిటీలో 212 ఫ్లాట్లు, లోపల ఒక చిన్న ఆంజనేయస్వామి గుడి. పోయిన వినాయక చవితికి మేం నాలుగున్నర లక్షలు పోగు చేశాం. డీజే, లైటింగ్, తొమ్మిది రోజులూ భోజనాలు. లడ్డూ వేలం డబ్బు వేరే. అదంతా అయిన పది రోజులకి వాచ్‌మన్ మాటల్లో చెప్పాడు, అయ్యగారికి రెండు నెలలుగా జీతం అందలేదని. నెలకి 15,000. రోజూ పొద్దున ఐదున్నరకి గుడి తలుపు తీసే మనిషాయన. మేనేజ్‌మెంట్ కమిటీ మారింది, పాతవాళ్లు కొత్తవాళ్లిస్తారనుకున్నారు, కొత్తవాళ్లు కార్పస్‌లోంచి వెళ్తోందనుకున్నారు. ఆయన అడగలేదు. నేను వెళ్లి "అయ్యగారూ, చెప్పొచ్చు కదండీ" అంటే, "పండగ హడావిడిలో ఉన్నారు కదా బాబూ, తర్వాత చూద్దామనుకున్నా" అన్నారు. చవితి చందా 5,116 కట్టి గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టినవాణ్ణి నేను. ఆ రోజు ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చేయాలనిపించింది, కానీ అప్పటికి టైం దాటిపోయింది.

ఇంటికొచ్చి వంటింట్లో త్రాసు మీద నా గుప్పెడు తూచాను. 45 గ్రాములు. రోజుకి ఒక్కసారి చొప్పున నెలకి 1 కిలో 350 గ్రాములు. కిలో 55 రూపాయలు వేసుకున్నా 74 రూపాయలు. 212 ఫ్లాట్లకి లెక్కేస్తే 15,700 చిల్లర. మళ్లీ మళ్లీ చూశాను. అయ్యగారి జీతం, పైన కాస్త మిగులు కూడా. మాలో ఏ ఒక్కరికీ తెలియకుండా పోయేంత చిన్న మొత్తం అది.

యూపీఐ ఆటో-డెబిట్ పెట్టేస్తే అయిపోతుంది కదా అని మీరనొచ్చు. నేనూ మొదట అదే అన్నాను, ఇంజినీర్ బుద్ధి. అది పెట్టినవాళ్లని తప్పు పట్టను, డబ్బు టైంకి చేరుతుంది. కానీ నాకు మూడు ఆటో-డెబిట్ విరాళాలున్నాయి, అందులో ఒకటి దేనికో స్టేట్‌మెంట్ చూస్తే తప్ప గుర్తురాదు. గీత చెప్పే సాత్విక దానంలో ఇవ్వాల్సిన చోటూ, సమయమూ, మనిషీ మూడూ ఇచ్చేవాడికి తెలిసి ఉండాలి. ఎసరు మరుగుతుండగా గుప్పెడు తీసే చేతికి ఆ మూడూ తెలుసు.

కార్తీక మాసంలో 31 ఫ్లాట్లతో మొదలుపెట్టాం. బియ్యం డబ్బా, పక్కన ఒక కవరు, కంచి స్వామివారి నాణెంలాగా. బియ్యం శనివారం గుడిలో పులిహోరకి వెళ్తుంది. కవర్లో డబ్బు అయ్యగారి జీతానికి. ఎంత వచ్చింది, ఎటు వెళ్లింది అన్నది ఒక కాగితం మీద రాసి ప్రతి లిఫ్ట్ దగ్గరా అంటిస్తున్నాం. మొదటి వారం 11 కిలోలు, రెండో వారం 9, మూడో వారం 7. నాలుగో వారం నుంచి బీ బ్లాక్‌లో ఉండే రిటైర్డ్ టీచర్ ఆంటీ స్టీలు క్యాన్ పట్టుకుని తనే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ఆ వారం 13 కిలోలు. "ఏం నాన్నా, ఈ వారం బయటి నుంచే తెప్పించుకున్నారా?" అని ఆవిడ అడిగితే ఎవరు మాత్రం ఖాళీ డబ్బా చూపిస్తారు?

అయ్యగారి బాకీ ఒక నెలది తీరింది, ఇంకో నెలది ఉంది. ఆంటీ కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్తున్నారు, రెండు శనివారాలు ఉండరు. ఎవరు తిరగాలో గ్రూపులో అడిగితే ఇంతవరకు చేతులు జోడించిన బొమ్మలే వచ్చాయి. క్యాన్ మాత్రం మా ఇంట్లో పెట్టి వెళ్లారు.